సన్న కుంచె అరుగుదల

ఆరోజు ఇంట్లో ఐదుగురున్నారు. ముందుగదిలో బొమ్మలు వేసే భర్త, కుర్చీలో కాళ్ళు చాపుకున్న అత్తగారు, కిటికీ దగ్గర పుస్తకం పట్టుకున్న కూతురు, చిత్రకళ నేర్పే బడి నుంచి వచ్చిన పంతులమ్మ. ఐదో మనిషి పెరట్లో కుళాయి కింద కుంచెలు కడుగుతోంది.

గ్రంథాలయంలో తగిలించిన ముసలామె బొమ్మ చూసి, ఆ కళ్ళు వేసిన మనిషికి తన బడిలో ఉద్యోగం ఇద్దామని వచ్చింది పంతులమ్మ.

"కుంచెలు కడగడం కూడా ఒక పనేనా? అంట్లు తోమినట్టేగా!" అంటాడు భర్త ఎప్పుడూ. కానీ ఏ పనికి ఏ కుంచె కావాలో అందించేది భార్యే. బొమ్మలో వెనక గోడకి గరుకు వెంట్రుకల లావు కుంచె, బట్టల మడతలకి బద్ద కుంచె, కళ్ళకి మెత్తని సన్న కుంచె. ఆ సన్నది పట్టుకుంటే అతని చెయ్యి నిలవదు. పన్నెండేళ్ళుగా కళ్ళ చోటు ఖాళీగా వదిలి, "ఆ కాస్తా నువ్వు కానిచ్చెయ్" అంటాడు, లైటు తీసెయ్ అన్నంత తేలిగ్గా.

కడిగిన కుంచెలు తెచ్చి బల్లమీద పెట్టగానే పంతులమ్మ సన్నది అందుకుని మొన చూసి, భర్త వైపు తిరిగింది.

"మీరు కుడిచేత్తో వేస్తారు కదండీ? ఇది ఎడమచేత్తో వేసేవాళ్ళ అరుగుదల."

"పుర్రచెయ్యి మా కోడలిదేనమ్మా. ఎంత మొత్తుకున్నా మారలేదు మహాతల్లి!" అంది అత్తగారు.

భర్త మెడ ఎర్రబడింది. "చెప్పవేం?" అన్నాడు ఆమెతో.

"దాంతో... కుళాయి సందుల్లో పాచి గీకుతానండీ," అంది.

"చూశారా నా ఖర్మ!" అంటూ అతను గట్టిగా నవ్వాడు. పంతులమ్మ నవ్వలేదు. కూతురు తలెత్తి తల్లిని చూసి, మళ్ళీ దించేసుకుంది. తల్లి కళ్ళు వేస్తూ ఊపిరి బిగబడితే, పక్కన నిలబడి తనూ బిగబట్టే పిల్ల అది. తల్లికి సిగ్గుతో చచ్చిపోయినట్టయింది. అబద్ధమాడమని అతను అన్నాడా? అనలేదు. అత్తగారు అన్నదా? ఆవిడ పాపం నిజమే చెప్పింది. ఎవరూ అడక్కుండా తన చేతిని తనే పాచిలో ముంచుకుంది, అదీ కన్నకూతురి ముందు.

"అయితే సోమవారం నుంచి వచ్చేస్తానండీ," అంటున్నాడు భర్త.

"ఆలోచించి చెబుతాను," అని పంతులమ్మ లేచి మెట్లు దిగింది.

భార్య చెప్పులైనా వేసుకోకుండా వెనకే దిగింది. తలెత్తలేకపోయింది.

"ఏమండీ... ఇందాక అబద్ధం చెప్పాను. ఆ కళ్ళు నేనే వేశాను." దొంగతనం ఒప్పుకుంటున్నట్టుంది గొంతు.

"ఏయ్, లోపలికి రా!" గుమ్మంలోంచి భర్త అరిచాడు.

"సోమవారం నేను వస్తానండీ," అంది, ఇంకా నేల చూస్తూనే.

ఆమె వెనక వీధి తలుపు ధన్‌మని మూసుకుంది. లోపల గడియ పడింది.