రాజ్యం ఏం తిన్నది?

తులసమ్మకి మొదటి అనుమానం భీమవ్వ మీదే వచ్చింది. రెండోదీ, మూడోదీ కూడా ఆవిడ మీదే వచ్చాయి. ఇంకెవరి మీద వస్తుంది లెండి! నిన్న పొద్దుగూకే దాకా ఇంట్లో గిన్నెలు తోమిన మనిషి అటు వెళ్లింది, ఇటు తెల్లారేసరికి గేదె పడకేసింది.

ఆ గేదె పేరు రాజ్యం. ముర్రా జాతిది, ఏడో నెల చూడి. గుంటూరు వైపు నుంచి రాష్ట్రం దాటి వచ్చి కాలవ కింద వరి వేసుకుంటున్న రైతుల పాతిక ఇళ్ల క్యాంపు వాళ్లది, జవళగేర ఊరి పక్కనే. అంత పాడి గేదె అక్కడ ఇంకొకరికి లేదు. అలాంటిది పొద్దున్నే చూస్తే ఎడమ డొక్క ఉబ్బి, నెమరు లేదు, మేత లేదు, పళ్లు కొరుకుతూ మూలుగుతోంది. డాక్టరుకి ఫోన్ చేస్తే సింధనూరు అవతల టీకాల పనిలో ఉన్నానని, సాయంత్రానికి గాని రాలేనని అన్నాడు. అప్పటిదాకా ఆగుతుందా ఇది? తులసమ్మ మొగుడు యలమందయ్య పెళ్లాన్ని అడక్కుండానే బండి తీసి, నాటు వైద్యం తెలిసిన భీమవ్వని వెనక ఎక్కించుకొచ్చాడు.

“ఇంకెవరూ దొరకలేదా నీకు?” అని తులసమ్మ పళ్లు నూరింది.

భీమవ్వ జవళగేర మనిషే, అరవై దాటిన కూలీ. నాట్లకీ కోతలకీ వస్తుంది. గొడ్డుకి కడుపులో బాగాలేదంటే ఆకూ దినుసూ నూరి వెదురు గొట్టంతో పోస్తుంది. రూపాయి పుచ్చుకోదు. అదే తులసమ్మకి గిట్టదు. ఊరికే చేసే మనిషిని నమ్మడమెలా?

ఆవిడకో పద్ధతుంది. ముందు మందు తీయదు. గొడ్డుకి మేత వేసిన మనిషిని పిలిచి, దాని వీపు మీద చెయ్యి పెట్టించి, ఏం తిన్నదో చెప్పమంటుంది. ఆ మాటను బట్టే మందు.

“నిన్న ఏం పెట్టినవమ్మ?”

తులసమ్మ రాజ్యం వీపు మీద చెయ్యి వేసింది. “ఏం పెడతాం? ఎండుగడ్డి, తవుడు.”

“ఇంకేం పెట్టలే?”

“పెడితే చెప్పనా? నన్నే నిలదీస్తావేంటే!”

పచ్చి అబద్ధం. నిన్న ఇంట్లో వ్రతం. నూట యాభై మందికి వండిస్తే, వాన పట్టుకుని సగం మందైనా రాలేదు. సగం గంగాళం అన్నం మిగిలింది. గిన్నెలు తోమిన భీమవ్వా, ఇంకో ఇద్దరూ వంటపాక దగ్గర నిలబడితే “అన్నం అయిపోయిందే, వెళ్లండి” అంది. పోయినవారం తన పొలంలో నాట్లు మధ్యలో వదిలేసి పక్కింటి రమేష్‌బాబు పొలానికి పోయిందని భీమవ్వ మీద కడుపుమంట మరి! వాళ్లు సందు మలుపు తిరగ్గానే గంగాళం ఈడ్చుకెళ్లి రాజ్యం ముందు పెట్టింది. మనుషులు తినే అన్నం గేదెకి చెడు చేస్తుందా? చెయ్యదనే ఆమె నమ్మకం. భీమవ్వే ఎక్కడో నక్కి అంతా చూసి, కసి కొద్దీ గేదె నోట్లో ఏ పిచ్చాకో కుక్కి ఉంటుంది. అలా అనుకుంటే లెక్క అతికినట్టు సరిపోయింది.

గడ్డి, తవుడే అయితే గాలి పట్టి ఉంటుందని భీమవ్వ వాము, ఇంగువ, వెల్లుల్లి నూరి నూనెలో కలిపింది. గొట్టం ఎత్తబోతుంటే తులసమ్మ అడ్డం పడింది.

“ముందు నువ్వు తాగు.”

“ఛీ, ఊరుకోవే!” అన్నాడు యలమందయ్య, సిగ్గుతో చచ్చిపోతూ.

భీమవ్వ ఆమె వంక ఒక్కసారి చూసి, ఒక గుక్క తాగి మూతి తుడుచుకుంది. “సరిపాయెనా?”

మందు పోశారు. గంటైనా గుణం లేదు. పైగా రాజ్యం కాళ్లు మడిచి కూలబడింది. గొడవ విని రమేష్‌బాబు వచ్చాడు.

“చూశావా బాబూ! ఈవిడ మందు పడ్డాకే ఇలా అయింది. నిన్నే ఏదో పెట్టింది, నాకు తెలుసు!”

“పోలీసులకి చెబుదామా పిన్నీ?” అంటూ అతను ఫోను తీశాడు.

భీమవ్వ వాదులాటకి దిగలేదు. రాజ్యం డొక్కలో పిడికిలి అదిమింది. పడిన గుంట పడినట్టే ఉండిపోయింది. నోటి దగ్గర వాసన చూసింది.

“గాలైతే డప్పు లెక్క మోగాలె. ఇది పిండి ముద్ద లెక్క ఉంది, నోరు పుల్లగ కొడుతుంది. గడ్డి తింటే గిట్ల కాదు. సూడి గొడ్డమ్మ, రెండు పానాలు. ఇంకోపారి తప్పు మందు పోస్తే రెండూ పోతయ్. నన్ను తర్వాత తిడుదువు గానీ, ఏం తిన్నదో, ఎంత తిన్నదో చెప్పు.”

రాజ్యం మెడ నేలకి ఆన్చేసింది. కళ్లు తేలేస్తోంది. తులసమ్మ మొగుడి వంక చూసింది. మిగిలింది కూలోళ్లకి పెట్టావా అని రాత్రి అడిగితే పెట్టానని చెప్పింది అతనికి. నోరు విప్పితే అతనికీ తెలుస్తుంది, రమేష్‌బాబుకీ తెలుస్తుంది, రేపటికి క్యాంపంతా తెలుస్తుంది. అన్నిటికంటే మించి భీమవ్వకి తెలుస్తుంది. తల కొట్టేసినట్టుంది ఆమెకి.

“అన్నం,” అంది.

“ఏంటి?” అన్నాడు యలమందయ్య.

“అన్నం పెట్టానయ్యా! సగం గంగాళం. నేనే పెట్టాను, నా చేత్తో నేనే!” అని బావురుమంది.

రమేష్‌బాబు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

“వంట సోడా తే అయ్యా, జల్ది. ఇంట్ల ఎంతుంటే అంత,” అంది భీమవ్వ యలమందయ్యతో.

నీళ్లలో కలిపి, తల మరీ పైకెత్తనివ్వకుండా, గొట్టంతో కొంచెం కొంచెం పోసింది. ఆగి మళ్లీ పోసింది. మధ్యాహ్నం దాకా ఆవిడా తులసమ్మా ఎదురెదురుగా కూర్చుని డొక్క మర్దన చేశారు. రెండు దాటాక పెద్ద త్రేన్పు వచ్చింది, ఆ కంపుకి కొట్టం నిండిపోయింది. తర్వాత పల్చగా పేడ వేసింది, అందులో మెతుకులు మెతుకులుగా అన్నం. నాలుగింటికి లేచి నిలబడింది. తులసమ్మ దాని మెడ పట్టుకుని ఏడ్చింది.

భీమవ్వ కుడితి తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటోంది. తులసమ్మ చెంబుతో నీళ్లు పోస్తూ, ఆవిడ మొహంలోకి చూడలేక, ఏదో ఒకటి మాట్లాడాలి గనక అడిగింది.

“అన్నం తింటే ఇట్టా అవుద్దని నీకెట్టా తెలుసే భీమవ్వా? మీ గొడ్లకి గాని వచ్చిందా ఎప్పుడన్నా?”

“మా గొడ్లకా? లేదమ్మ, మీ క్యాంపులల్లనే చూసిన,” అంది భీమవ్వ, కొంగుతో చేతులు తుడుచుకుంటూ. “మా ఇండ్లల్ల అన్నం మిగిలితే కద.”