సగం బ్రేకు

ఇరవై రెండేళ్ళుగా డ్రైవింగ్ స్కూలు నడుపుతున్న టీచరమ్మకు రెండు విషయాల్లో ఏ అనుమానమూ లేదు. ఒకటి, తన దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఎందులో పరీక్ష తప్పినా బ్రేకు దగ్గర మాత్రం తప్పరు. రెండు, సొంత తమ్ముడంత బుద్ధిమంతుడైన శిష్యుడు మళ్ళీ దొరకలేదు. ఈ రెండు నమ్మకాలూ ఒకే రోజు, అదీ భోజనాల వేళ కాకముందే, మాడువాసన కొడతాయని ఆవిడ కల్లో కూడా అనుకోలేదు.

తమ్ముడు పళ్ళ డాక్టరు. వారమంతా ఇతరుల నోళ్ళలోకి తొంగిచూసే ఆ మనిషికి నెలకోసారి రేసు ట్రాకు మీద కారు తిప్పడం ఒక్కటే సరదా. అక్కడ పోటీ ఏమీ ఉండదు. ఎవరి కారు వాళ్ళు తెచ్చుకుని, విడతకు ఇరవై నిమిషాల చొప్పున చుట్లు కొట్టి, మురిసిపోయి ఇంటికి పోతారు. ఆ ముచ్చట కోసమే ఎనిమిదేళ్ళు కలలు కని ఒక ఎర్ర కారు కొన్నాడు. అది నేలను కరుచుకుని ఉంటుంది. ఎక్కేటప్పుడు నడుము విరుగుతుంది, దిగేటప్పుడు ఎవరో ఒకరు చెయ్యి ఇవ్వాలి. అయినా దాన్ని చూస్తే చాలు, డాక్టరు మొహం చాటంత అయ్యేది.

చిక్కల్లా ఏమిటంటే, గత రెండు నెలల్లో రెండుసార్లు ఆ కారు బ్రేకులు పొగలు కక్కాయి. మూడోసారి పొగ కనిపిస్తే ట్రాకు మీదికి రానిచ్చే కార్డు ఈ ఏడాదికి రద్దు అని ట్రాకువాళ్ళు మొహం మీదే చెప్పేశారు. డాక్టరుకు కాళ్ళూ చేతులూ ఆడక అక్కకు ఫోను చేశాడు.

"అక్కా, నాకు నేర్పింది నువ్వే కదా. ఒక్కసారొచ్చి పక్కన కూర్చో. తప్పెక్కడుందో నువ్వైతే ఇట్టే పట్టేస్తావు."

"బ్రేకు ముందు నుంచే మెత్తగా నొక్కుతున్నావా?"

"నువ్వు చెప్పినట్టే."

"అయితే తప్పు కారుదేరా," అని టీచరమ్మ అక్కడికక్కడే తీర్పు చెప్పేసింది.

ట్రాకు పక్కన వరసగా రేకుల షెడ్లు, ప్రతి షెడ్డులో ఒక కారు, దాని చుట్టూ ఒక సంసారం సామాను. వాటి మధ్య ఒక బక్కపల్చని పెద్దమనిషి కాలుకాలిన పిల్లిలా తిరుగుతుంటాడు. కార్లను తనిఖీ చేసేది ఆయనే. దూరం నుంచే వేడి కొలిచే పిస్తోలులాంటి యంత్రం ఒకటి ఎప్పుడూ ఆయన చేతిలో ఉంటుంది. బ్రేకుల మీదే కాదు, టీ మీద కూడా దాన్ని గురిపెట్టి, అరవై డిగ్రీలకు దిగాకే తాగుతాడు. అందరూ ఆయన్ని థర్మామీటరు అంటారు, ఆయనా పలుకుతాడు.

పొద్దుటి విడతకు అక్కా తమ్ముళ్ళు హెల్మెట్లు పెట్టుకుని బయల్దేరారు. పొడవాటి తిన్నని దారి చివర ఒక మలుపు. మలుపు ఇంకెంత దూరమో చెబుతూ రెండు వందలు, నూట యాభై, వంద అని మీటర్ల బోర్డులు. మిగతా కార్లన్నీ వంద దాకా రివ్వున దూసుకుపోతుంటే, మన డాక్టరు రెండు వందలకు ముందే బ్రేకు మీద కాలు పెట్టి, పేషెంటును నొప్పిగా ఉందా అని అడుగుతున్నంత సుతారంగా, మలుపు వచ్చేదాకా నొక్కుతూనే ఉన్నాడు.

"శభాష్," అంది టీచరమ్మ.

ఆ శభాష్ ఆరు చుట్లు బతికింది. ఏడో చుట్టులో తమ్ముడి గొంతు మారిపోయింది.

"అక్కా, పెడల్ మెత్తబడింది. దూదిలో కాలు పెట్టినట్టుంది."

ఎలాగో నెమ్మది చేసుకుని షెడ్డులోకి తెచ్చి ఆపాడు. ఆపీ ఆపగానే వాడి చెయ్యి దానంతటదే హ్యాండ్‌బ్రేకు లాగేసింది. అంత కంగారులోనూ మరిచిపోలేదని ఆవిడ మనసులో మెచ్చుకుంటూ ఉండగానే థర్మామీటరు పరుగెత్తుకొచ్చాడు.

"దించండి! ముందు ఆ హ్యాండ్‌బ్రేకు దించండి! కాలిపోతున్నవాటిని గట్టిగా పట్టుకుంటే అతుక్కుపోవూ? గేర్లో పెట్టి, చక్రం కింద చెక్కముక్క పెట్టండి!"

యంత్రం గురిపెట్టి చూస్తే ఆరు వందల నలభై డిగ్రీలు. పొగ రాలేదు గాని, మాడువాసన మాత్రం షెడ్డంతా నిండిపోయింది.

"ఇంకొక్క చుట్టు కొట్టుంటే మీ కార్డు నా జేబులో ఉండేది డాక్టరుగారూ. మీకు డ్రైవింగు నేర్పిన మహానుభావుడెవరు?"

టీచరమ్మ హెల్మెట్ తీసి, "మహానుభావుడు కాదు, నేను," అంది. ఆవిడ మొహం కందగడ్డ అయింది.

థర్మామీటరు నాలుక కరుచుకున్నాడు. తరవాత చెక్కపెట్టె లాగి ఆవిడకు కూర్చోవడానికి వేశాడు.

"మీరు నేర్పింది రోడ్డుకి రైటే టీచరుగారూ. ఇక్కడ వేగం వేరు. అంత వేగాన్ని ఆపాలంటే వేడి పుట్టక తప్పదు. దాన్ని చల్లార్చేది గాలి. మీవాడు అంతసేపు నొక్కి పట్టుకుంటే గాలికి పనిచేసే టైమేదీ? ఆలస్యంగా నొక్కాలి, గట్టిగా నొక్కాలి, చటుక్కున వదిలెయ్యాలి. ఆఖరి చుట్టు అసలు బ్రేకే తొక్కకుండా నెమ్మదిగా తిరిగి రావాలి."

"మరి పెడల్ మెత్తబడిందేం?"

"బ్రేకాయిలు పాతదై ఉంటుంది. మరిగి బుడగలొచ్చాయి. మీరెంత తొక్కినా ఆ బుడగలే నలుగుతాయి, బ్రేకు పడదు."

ఇతర షెడ్లవాళ్ళు భోజనాలు చేస్తుంటే వీళ్ళు ముగ్గురూ కొత్త బ్రేకాయిలు పోశారు. డాక్టరు చక్రం దగ్గర చతికిలబడి గొట్టం పట్టుకున్నాడు, పేషెంటు నోట్లో పనిచేస్తున్నంత శ్రద్ధగా. టీచరమ్మ స్టీరింగు ముందు కూర్చుని, థర్మామీటరు నొక్కమంటే నొక్కి, వదలమంటే వదిలింది. ఎవరో చెబితే తాను బ్రేకు తొక్కడం ఆవిడ జీవితంలో అదే మొదటిసారి. ఆ మాట పైకి అనేసి ముగ్గురిలోకీ తనే ముందు నవ్వింది.

మధ్యాహ్నపు విడతే ఆఖరిది. ఈసారి టీచరమ్మ పాఠం మార్చింది. బోర్డులు లెక్కపెడుతూ, "ఇప్పుడు కాదు... ఇప్పుడూ కాదు... ఆఁ, తొక్కు! గట్టిగా!" అని గొంతు చించుకుంది. తమ్ముడు చెప్పిన చోటే తొక్కాడు. కానీ కాలు సగం దిగి అక్కడే ఆగిపోయింది. కారు ఇంకా పరుగెడుతూనే ఉంది, కాబట్టి అలాగే నొక్కి పట్టుకున్నాడు. మళ్ళీ పాత కథే.

నాలుగో చుట్టులో టీచరమ్మ మలుపు చూడడం మానేసి వాడి కాలు చూసింది. చెప్పగానే కాలు చకచకా దిగుతోంది. సగంలో ఆగుతోంది. భయపడి ఆగినట్టు లేదు. వెనక ఎవరో వస్తున్నారని తలుపు తెరిచి పట్టుకున్న మనిషిలా ఆగుతోంది. అప్పుడు ఆవిడ తన కాలు చూసుకుంది. బ్రేకన్నదే లేని ఆ ఉత్త నేలను తన కుడికాలు శక్తికొద్దీ తొక్కుతోంది.

స్కూలు కారులో రెండు బ్రేకులుంటాయి, ఒకటి నేర్చుకునేవాళ్ళకు, ఒకటి టీచరుకు. వాళ్ళు నొక్కినప్పుడల్లా కింద తన కాలూ మెల్లగా నొక్కేది. కారు వెన్నలా ఆగేది. అంతా వాళ్ళ గొప్పే అనుకునేవాళ్ళు, ఆవిడా అలాగే అనుకోనిచ్చేది. మిగతావాళ్ళు తరవాత్తరవాత రోడ్డు మీద సొంతంగా నేర్చుకునే ఉంటారు. కానీ తమ్ముడి పక్కన ఎప్పుడూ తనే ఉంటే వాడెక్కడ నేర్చుకుంటాడు? తను లేనప్పుడు కూడా వాడి కాలికి అదే అలవాటు. ఇంత ప్రేమగా ఇంత తప్పు నేర్పానా అని ఆవిడకు ఏడుపొచ్చినంత పనైంది.

"షెడ్డులోకి పోనీ," అంది.

"ఇంకా పది నిమిషాలుందక్కా!"

"పోనిమ్మంటున్నానా!"

షెడ్డు ముందు ఆవిడ బెల్టు విప్పుకుని, మూలుగుతూ దిగింది. థర్మామీటరు గురిపెట్టి చూశాడు. అయిదు వందల అరవై. "పొద్దున పొగ రాలేదని వదిలేశాను, ఈసారి ఆరొందలు దాటితే నా చేతుల్లో లేదు. ఆపేస్తే కార్డు దక్కుతుంది. మీ ఇష్టం," అన్నాడు.

తమ్ముడు అక్క మొహం చూశాడు. ఆపేద్దామని ఆవిడ ఒక్క మాట అంటే ఆపేస్తాడు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. ఆవిడకూ నోటి చివరి దాకా వచ్చింది.

"నువ్వెళ్ళు. నేను రాను," అంది. "నీ బ్రేకు నువ్వే తొక్కుకో. కాలు పూర్తిగా దించు."

తలుపు వేసి, వెనక్కి చూడకుండా తీగకంచె దగ్గరికి నడిచింది. తిన్నని దారి చివర మలుపు అక్కణ్ణుంచి బాగా కనిపిస్తుంది. ఎర్ర కారు వచ్చింది. రెండు వందలు దాటింది, నూట యాభై దాటింది, అప్పుడు వెనక బ్రేకు దీపాలు వెలిగాయి. ఆరలేదు. చాలాసేపు ఆరలేదు. టీచరమ్మ కంచె తీగను గుప్పిట్లో నలిపేసింది. రెండో చుట్టులో మరికాస్త మెరుగు. మూడో చుట్టులో వంద బోర్డు దగ్గర దీపాలు భగ్గుమన్నాయి, కారు ముక్కు నేలకు వంగింది, ఆ వెంటనే దీపాలు ఆరిపోయి కారు మలుపు తిరిగేసింది. పక్కన ఎవరున్నారో చూసుకోకుండా ఆవిడ చప్పట్లు కొట్టింది. ఆ తరవాత ప్రతి చుట్టూ అంతే. ఆఖరి చుట్టులో కారు ఊరేగింపులా నెమ్మదిగా వచ్చింది, దీపాలు ఒక్కసారైనా వెలగలేదు.

షెడ్డులో థర్మామీటరు నాలుగు చక్రాలకూ రెండేసిసార్లు గురిపెట్టాడు. యంత్రం పాడైందేమోనని తన టీ కూడా కొలిచి చూసుకున్నాడు. "నాలుగొందల పది. డాక్టరుగారూ, వచ్చే నెల రండి," అని టీ తాగుతూ వెళ్ళిపోయాడు.

చెక్కముక్క చక్రం కింద తోసి, టీచరమ్మ తమ్ముడి ఎదురుగా నిలబడింది. శిష్యుల ముందు తప్పు ఒప్పుకోవడం ఆవిడకు అలవాటు లేని పని.

"ఒరేయ్, నీకో సంగతి చెప్పాలి. స్కూలు కారులో నువ్వు బ్రేకు తొక్కిన ప్రతిసారీ కింద నేనూ తొక్కేదాన్ని. నువ్వు తొక్కింది సగమే."

"తెలుసక్కా."

"తెలుసా!"

"నీ మోకాలు కదిలేది కదా. ఆమాత్రం చూడనా?"

"తెలిసి కూడా పూర్తిగా ఎందుకు తొక్కలేదురా?"

"నువ్వున్నావుగా," అన్నాడు పళ్ళ డాక్టరు. అందులో అడగడానికేముందన్నట్టు అక్కవైపు చూసి హెల్మెట్ తీశాడు.

"మరి ఇవాళ?"

"మొదటి చుట్టులో అలవాటుగా ఎదురుచూశాను. పక్కసీటు ఖాళీ, పైగా నీ బ్రేకు నువ్వే తొక్కుకో అన్నావు. ఇంకేం చేస్తాను, తొక్కాను."

ఆవిడ వాడి నెత్తిన ఒక్కటి మొట్టి, చీరకొంగుతో కళ్ళు తుడుచుకుని, కారు ఎక్కడానికి చెయ్యి ఇమ్మంది. ఇంటికి వెళ్ళే దారంతా రెండు కాళ్ళూ ముడుచుకుని సీటు మీదే పెట్టుకుని కూర్చుంది.