జెకర్యా సాక్ష్యం మోసిన మైకు

నేను ఒక మైకుని. పుట్టింది ఏదో ఫ్యాక్టరీలో, పెరిగింది మాత్రం నరసాపురం చుట్టుపక్కల సువార్త సభల పందిళ్లలో. సౌండు సర్వీసు తాతారావు నన్ను పెళ్లికీ ఎలక్షనుకీ సభకీ కూడా పంపేవాడు. నాకేం పట్టింపు లేదు, ఎవరి తుంపరైనా ఒకటే.

సభల్లో కలిసి పాడే నలుగురు పాటగాళ్లుండేవారు, వాళ్లొస్తే మాత్రం నాకు పండగే. నాలుగు గొంతులకీ నేనొక్కదాన్నే. గట్టి గొంతులవాళ్లు ముగ్గురూ వెనక్కి జరిగితే, మంద్రం పాడే జెకర్యా నా మీదికి వంగేవాడు. వడ్రంగి పని చేసుకునే మనిషి. నోరు విప్పాడంటే నా లోపలి రేకు వణికిపోయేది. ఇరవయ్యేళ్లు ఆయన లేకుండా ఆ వైపు సభ జరగలేదు.

అలాంటి గొంతులో గడ్డ లేచింది. కోసేస్తే ప్రాణానికి భయం లేదు గానీ పాట పోతుందన్నాడు డాక్టరు. ఆ వారమే సభలకొచ్చిన ప్రసంగీకుడు తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. నొప్పి తగ్గినట్టనిపించింది. అంతే, జెకర్యా నన్ను పట్టుకుని, స్వస్థపడ్డానని ఊరందరి ముందూ సాక్ష్యం చెప్పేశాడు. ఈ మనుషులతో ఇదే చిక్కు. చెప్పేముందు నాలుగు రోజులాగరు, చెప్పాక చచ్చినా వెనక్కి తీసుకోరు.

నొప్పి తిరగబెట్టింది. ఆసుపత్రికి వెళదామని భార్య మార్తమ్మ కాళ్లావేళ్లా పడింది. పందిరి వెనక తాతారావు నన్ను సర్దుతుంటే ఆయన జవాబు విన్నాను.

"మైకులో చెప్పేశాక ఎలా ఎల్తానే? దేవుడికి చెడ్డపేరు రాదా?"

ఆ తర్వాత నా మీదికి ఎంత వంగినా గాలే తగిలేది. మిగతా ముగ్గురూ గొంతు పెంచి కప్పిపుచ్చారే గానీ, ఆసుపత్రికి పద అని ఒక్కడూ అనలేదు. ఆ సాక్ష్యం వినడానికే జనం విరగబడుతున్నారు మరి. నాకు ఒళ్లు మండిపోయేది.

క్రిస్మస్ రాకుండానే జెకర్యా పోయాడు. జ్ఞాపకార్థ కూడికలో పాస్టరుగారు ఆయన సాక్ష్యాన్ని మళ్లీ పొగుడుతుంటే, మార్తమ్మ లేచొచ్చి నన్ను అందుకుంది. పాస్టరుగారు కనుసైగ చేశారు. తాతారావు మీట నొక్కి నన్ను కట్టేశాడు. ముగ్గురూ పాట ఎత్తుకున్నారు. నేను మూగబోయానని ఆమెకి తెలియలేదు.

"మా ఆయనకి నయం అవలేదండీ. చెప్పిన సాక్ష్యం అబద్ధమైపోద్దని ఆసుపత్రికి రాలేదు. మీలో ఎవరికైనా గడ్డుంటే ఎల్లండి, నా మాటినండి."

ఆమె పెదాలు కదలడం, కన్నీళ్లు కారడం మాత్రమే జనానికి కనబడ్డాయి. స్తుతి చెల్లిస్తోందనుకుని కొందరు చేతులెత్తి ఆమెన్ అన్నారు.

ఇప్పుడు పాత ఇనప కొట్లో పడున్నాను. ఎన్ని ప్రగల్భాలు మోశానో లెక్కలేదు. ఆవిడ మాటొక్కటే మొయ్యలేకపోయాను.