కొమురవ్వ శుక్రవారాలు

కొబ్బరినూనె అరచేతిలో ఒంపుకుని రాజనర్సు మాడుకు పట్టించాడు. మిగిలింది చెవుల వెనకా మెడమీదా రాసుకుని, అద్దం ముందు వంగి పాపిడి తీశాడు. అరవై దాటిన మనిషి. తలమీద ఉన్నవి నాలుగు వెంట్రుకలే గాని, శుక్రవారం నాడు వాటికి జరిగే మర్యాదకు మాత్రం లోటుండదు. ముఖం రెండోసారి కడుక్కుని డబ్బాలో అన్నం, పప్పు సర్దుకున్నాడు. ఆ అన్నం అతను తినడు. తినడని ఎవరికీ తెలియకూడదు కాబట్టి డబ్బా వెంట తీసుకుపోతాడు. దారిలో ఇమాంబీ అనే గుడ్డి ముసలామె గిన్నెలో వంచి, ఖాళీ డబ్బా కడుక్కుని పనికి పోతాడు.

కోరుట్ల నుంచి కూతురు అక్షిత ఫోను చేసింది. సకల జనుల సమ్మెతో బస్సులు ఆగిపోయి మూడు వారాలైంది, రావాలన్నా రాలేకపోతోంది.

"బాపూ, తిన్నవా?"

"తింట బిడ్డా."

అబద్ధం కాదు, సాయంత్రం ప్రార్థన అయ్యాక తింటాడు. షుగరు మనిషి కడుపు ఖాళీగా ఉంచుకోవద్దనీ, చెమటలు పట్టి ఒళ్ళు వణికితే ఆలస్యం చేయకుండా ఇంత తీపి నోట్లో వేసుకోవాలనీ డాక్టరు చెప్పినవన్నీ ఆమె మళ్ళీ అప్పజెప్పింది. అన్నిటికీ ఊఁ కొట్టాడు.

సిరిసిల్లలో పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకే కరెంటు. బొగ్గు గనులు సమ్మెలో ఉన్నాయి మరి. ఆ మూడు గంటలూ రాజనర్సు తన ఆరు సాంచెల, అంటే మరమగ్గాల, మధ్య అటూ ఇటూ తిరిగాడు. తెగిన పోగు ముడేయడం, అయిపోయిన దారపు కండె తీసి కొత్తది నాడెలో పెట్టడం, మళ్ళీ సాంచె నడపడం. ముప్పై ఏళ్ళుగా వంగి వంగి ఎడమ భుజం కుడిదానికన్నా బెత్తెడు కిందికి దిగింది. కనుబొమ్మల మీద తెల్లటి నూగు ఎప్పుడూ ఉండేదే. సాంచెల మోతకు ఒక చెవి పోయింది, రెండోది పోతూ ఉంది.

అందుకు అతనేమీ బాధపడలేదు. మోత ఉన్నంతసేపు చనిపోయిన భార్య మాట వినపడదు. సమ్మె వచ్చాక చిక్కొచ్చి పడింది. కరెంటు పోగానే ఊరంతా ఒక్కసారిగా చప్పబడిపోతుంది. ఆ నిశ్శబ్దంలో, పోయిన చెవిలోనే, కొమురవ్వ మాట స్పష్టంగా వినిపిస్తుంది.

"నువు తిను, నేనెనుక తింట."

తిట్టినా శాపం పెట్టినా ఓర్చుకునేవాడు. ఆమె ఎప్పుడూ అదే మాట అంటుంది.

కొమురవ్వ చర్చికి పోవడం మొదలుపెట్టినప్పుడు రాజనర్సు పట్టించుకోలేదు. పొద్దుగూకితే కల్లు దుకాణం ఉండగా వేరే సంగతులకు తీరికెక్కడిది! కానీ ఒకటి మాత్రం కంట్లో పడింది. వారమంతా చింపిరి తలతో కండెలు చుట్టుకునే మనిషి, శుక్రవారం వచ్చేసరికి నూనె పెట్టి, నున్నగా దువ్వి, ముఖం కడుక్కుని కళకళలాడేది. అతనికి అన్నం పెట్టి తను కూర్చునేది కాదు. ఎవరి కోసం ఈ సింగారం? తాగిన బుర్రలోకి ఆ ప్రశ్న దూరాక ఇక బయటికి పోలేదు. ఒక శుక్రవారం జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు. నూనెకు చెయ్యి జారింది. మళ్ళీ పట్టుకుని కొట్టాడు. ఆమె ఒక్కమాట చెప్పలేదు. రక్తం పుక్కిలించి ఉమ్మి, వచ్చి కూర వడ్డించింది. అతను తిన్నాడు, ఆమె వాటా కూడా ఊడ్చి తిన్నాడు.

ఆ తర్వాతి ఏడాది ఆమె జ్వరంతో పోయింది. మూడోనాడు పాస్టరమ్మ వచ్చి పక్కన కూర్చుని, నీ తాగుడు మానాలని కొమురవ్వ తొమ్మిదేళ్ళు ప్రతి శుక్రవారం ఒక్కపొద్దు ఉంది, నీకైనా చెప్పలేదా అని అడిగింది. ఉపవాసమున్న సంగతి మనుషులకు తెలియనీయకూడదు, తలకు నూనె రాసుకుని, ముఖం కడుక్కుని మామూలుగా కనిపించాలి, చూసే దేవుడు చూస్తాడని సంఘంలో చెబుతారట. కొమురవ్వ ఆ మాటను పొల్లుపోకుండా పాటించింది. రాజనర్సు ఆ రోజు నుంచి కల్లు ముట్టలేదు. ఆమె అడిగింది దేవుడు ఇచ్చాడు గాని చూడ్డానికి ఆమెను ఉంచలేదు.

అప్పటి నుంచి ఆ శుక్రవారాలు అతనివయ్యాయి. ఆమె ఒక్కపొద్దున్న తొమ్మిదేళ్ళూ తనూ ఉండాలని, అవి నిండాకే ఆమె సమాధి దగ్గరికి పోవాలని పెట్టుకున్నాడు. ఇలా లెక్కపెడితే క్షమాపణ రాదని పాస్టరు నచ్చజెప్పబోయాడు. దేవుడు ఎప్పుడో క్షమించి ఉంటాడని రాజనర్సుకూ తెలుసు. అతను అడగవలసింది దేవుణ్ణి కాదు.

ఈ శుక్రవారంతో తొమ్మిదేళ్ళు నిండుతాయి. సాయంత్రం ప్రార్థన కాగానే పోయి, కొమురా, అయిపోయినయ్ అని చెప్పాలి. అంతవరకు ఆమెకు ముఖం చూపించే ధైర్యం అతనికి లేదు.

సరిగ్గా ఆ రోజే సాంచెల కార్మికుల వంతు వచ్చింది. చౌరస్తాలో తెలంగాణ కోసం వేసిన టెంటులో రోజుకొక వృత్తివాళ్ళు నిరాహార దీక్షకు కూర్చుంటున్నారు. యూనియన్ మొండయ్య అడక్కుండానే టెంటు ముందు బోర్డుమీద ఇతని పేరు రాసేశాడు. తొమ్మిదేళ్ళు దాచుకున్నది చివరినాడు బోర్డుకెక్కుతుందని రాజనర్సు మొదట బెదిరిపోయాడు. తీరా మెళ్ళో దండ వేసుకుని చాపమీద కూర్చున్నాక, ఇంతకన్నా మంచి చాటు దొరకదనిపించింది. జనం చూసేది ఒక ఒక్కపొద్దును, దాని కిందే కొమురవ్వది భద్రంగా ఉంది. తెలంగాణ రావాలని అతనికీ ఉంది. ఒక్క ఆకలి రెండింటికీ సరిపోయింది.

పక్క సాంచెల భూమన్న అతని తలకేసి చూసి, పెళ్ళికొడుకులా తయారయ్యావేమిటని ఎగతాళి చేశాడు. రాజనర్సు నవ్వి మెళ్ళో దండ సర్దుకున్నాడు.

అయిదు గంటలకు మొండయ్య పళ్ళెంలో చక్కెర కలిపిన నిమ్మరసం గ్లాసులు తెచ్చాడు. దీక్ష విరమణ. పేపరాయన కెమెరా ఎత్తాడు, అందరూ ఒకేసారి తాగాలన్నాడు. ఈ సంగతి రాజనర్సుకు తట్టనేలేదు. పొద్దు మునిగాక జరిగే ప్రార్థనకు ఇంకా గంట ఉంది.

అప్పటికే బనీను తడిసి వీపుకు అంటుకుంది, చేతులు వణుకుతున్నాయి. అదేమిటో అతనికి తెలుసు, మందు చేతిలోనే ఉందనీ తెలుసు. వద్దంటే ఎందుకని అడుగుతారు, అడిగితే చెప్పాలి, చెబితే ఆమె దాచిందంతా బజారున పడుతుంది. గ్లాసు పెదాలకు ఆనించాడు. నిమ్మవాసనకు నోరంతా ఊరింది. పెదాలు బిగబట్టాడు. ఫోటో అయిపోయింది.

అందరూ లేచారు. ఇంటికి పోదాం రమ్మని భూమన్న చెయ్యి అందించాడు.

"నువు నడువు. నేనెనుక అస్త."

అన్నాక ఆ మాట ఎవరిదో గుర్తొచ్చి రాజనర్సు ఉలిక్కిపడ్డాడు. టెంటు గుంజకు వీపు ఆనించి, చెప్పవలసిన రెండు ముక్కలు లోపలే కూడబలుక్కుంటూ కళ్ళు మూసుకున్నాడు.

మసీదులో సాయంత్రపు అజాన్ అవుతుండగా భూమన్న చాపలు చుట్టడానికి తిరిగొచ్చాడు. భుజం తట్టి లేపబోతే తల పక్కకు వాలింది. ప్రాణం పొద్దు మునగకముందు పోయిందో మునిగాక పోయిందో చెప్పగలిగినవాళ్ళు లేరు.

క్షణాల మీద జనం పోగయ్యారు. జోహార్లు మొదలయ్యాయి. మొండయ్య నిజంగానే ఏడ్చాడు, ఏడుస్తూనే బోర్డుమీద రాజనర్సు పేరు ముందు అమరుడు అని రాశాడు. కోరుట్ల నుంచి అక్షిత ఎవరిదో బండిమీద బయల్దేరిందన్నారు. అందరూ కలిసి శవాన్ని భుజాలమీద ఎత్తుకుని ఊరేగింపుగా తీసుకుపోయారు, టెంటు ఖాళీ అయింది.

గుంజ పక్కన నేలమీద నిమ్మరసం గ్లాసు ఉంది, చుక్కైనా తగ్గకుండా, అంచు దాకా.