క్లాసు జరుగుతాండాది

కర్నూలు పాతబస్తీలోని ఆ మున్సిపల్ హైస్కూల్లో పదో తరగతికి ఉన్న ఒకే ఒక మంచి గదిని దేవేంద్రప్ప గోడౌను చేసుకున్నాడు. పెళ్లిళ్లకూ సభలకూ షామియానాలు, కుర్చీలు అద్దెకిచ్చే టెంట్ హౌస్ ఆయనది. ఆ వార్డులో ఆయన మాటకు ఎదురు చెప్పేవాళ్లు లేరు. వానలకు తన షెడ్డు కురుస్తోందని, రెండు రోజులు పెట్టుకుంటానని సామాన్లు దింపించాడు. దసరా సెలవులు అయిపోయి బడి తెరిచినా గదికి వేసిన తాళం తీయలేదు.

అప్పటినుంచి సోషల్ టీచరు స్వర్ణలత రేకుల షెడ్డు కింద పాఠం చెబుతోంది. పక్కనే మధ్యాహ్న భోజనం వండే పొయ్యి. పొగకు పిల్లలు కళ్లు తుడుచుకుంటూ రాసుకునేవాళ్లు. బ్లాక్‌బోర్డూ, గోడ మీది భారతదేశ పటమూ గదిలోనే ఉండిపోయాయి. నదుల పాఠం వచ్చినప్పుడు ఆమె సుద్దముక్కతో నేల మీదే దేశాన్ని గీసింది. తుంగభద్ర సగం గీసేసరికి వంటమనిషి బిందెతో దాని మీదుగా నడిచి వెళ్లింది.

హెడ్మాస్టరు శ్రీనివాసులును ఆమె చాలాసార్లు అడిగింది. ఆయన ఆ ఏడాదే రిటైరవుతున్నాడు.

"ఆయప్పతో మనకెందుకమ్మా? ఇంకొన్ని నెలలైతే నేను పోతా. ఆపైన మీ ఇష్టం," అన్నాడు.

ఆ వారం రాజ్యాంగం పాఠం. పౌరుల ప్రాథమిక విధుల దగ్గర, ప్రభుత్వ ఆస్తిని కాపాడాలని చెబుతుంటే నిస్సీ లేచి నిలబడింది. బాగా చదివే పిల్లే కానీ క్లాసులో నోరు విప్పేది తక్కువ.

"ప్రభుత్వ ఆస్తి అంటే ఎవురిది మేడం?"

"మనందరిదీ."

"అట్లయితే మన రూము తాళంచెవి ఆయప్ప కాడ ఎందుకుండాది?"

పిల్లలు గొల్లున నవ్వారు. స్వర్ణలతకు నవ్వు రాలేదు. ఇన్నేళ్లూ తాను చెప్పిన హక్కులన్నీ మార్కుల కోసమేనా అనిపించింది. ఇంటికి వెళ్లాక కూడా ఆ ప్రశ్న ఆమెను వదల్లేదు.

మరుసటి రోజు ప్రార్థన కాగానే ఆమె పిల్లల్ని షెడ్డుకు తీసుకెళ్లలేదు. తాళం వేసిన గది ముందు, తలుపుకు ఆనుకుని వరండాలో కూర్చోమంది.

"ఈపొద్దు నుంచి మన క్లాసు ఈడే."

రెండో పీరియడ్‌లో టెంట్ హౌస్ ఆటో గేటులోంచి లోపలికి వచ్చింది. సాయంత్రం ఏదో పెళ్లికి షామియానాలు కావాలట. దిగిన కూలీల్లో నిస్సీ తండ్రి ఏసన్న కూడా ఉన్నాడు. తలుపుకు ఆనుకుని కూర్చున్న కూతుర్ని చూసి అక్కడే ఆగిపోయాడు.

"కొంచెం జరగమనండి మేడం, సామాన్లు తీసుకోవల్ల," అన్నాడు ఇంకో కూలీ.

"క్లాసు జరుగుతాండాది. సామాన్లన్నీ తీసకపోయి తాళం బడికిచ్చేటట్లయితే ఇప్పుడే లేస్తాం. లేకుంటే లేదు," అని స్వర్ణలత మళ్లీ పాఠంలోకి వెళ్లిపోయింది.

కాసేపటికి దేవేంద్రప్పే బుల్లెట్ మీద వచ్చాడు. ఆ చప్పుడు విని శ్రీనివాసులు తన గదిలోంచి పరుగున వచ్చాడు.

"ఏం మేడం, పిల్లోళ్లను అడ్డం పెట్టుకోని రాజకీయం చేస్తాండారా?"

"సోషల్ చెప్తాండా."

"ఒక్క ఫోను చాలు నాకు. యాడికి పోతారో మీకే తెలీదు."

"పంపించండి. యాడికి పంపినా ఆడ పిల్లోళ్లుంటారు. ఆడా ఇదే పాఠం చెప్తా."

ఆమె పుస్తకం తెరిచి, ఆపిన చోటినుంచి పాఠం అందుకుంది.

దేవేంద్రప్ప కూలీల వైపు తిరిగాడు. "ఏసన్నా, తలుపు కాడుండేది నీ బిడ్డే కదా? లేపు."

వరండాలో ఎవరూ కదల్లేదు. ఏసన్న మెట్లెక్కి కూతురి దగ్గరికి వచ్చాడు. నిస్సీ తండ్రి ముఖంలోకి చూసింది కానీ లేవలేదు. అతను కూతుర్ని రెక్క పట్టుకుని లేపినా తప్పు పట్టలేనని స్వర్ణలతకు తెలుసు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఈ పనితోనే.

"సదువుకుంటాండాదన్నా," అన్నాడు ఏసన్న, వెనక్కి తిరగకుండానే. "నేను లేపను."

"పని వద్దా నీకు?"

"వద్దులే అన్నా."

తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి భుజాన వేసుకుని, మెట్లు దిగి గేటు దాటి వెళ్లిపోయాడు. మిగతా కూలీలు తలలు వంచుకుని నిలబడ్డారు. గేటు బయట జనం పోగయ్యారు. ఎవరో ఫోన్లో వీడియో తీస్తున్నారు. పెళ్లివాళ్ల నుంచి దేవేంద్రప్పకు ఫోను మీద ఫోను వస్తోంది. చివరికి తాళంచెవి హెడ్మాస్టరు కాళ్ల ముందు పడేసి, "అన్నీ లాగి బయట పారేయండ్రా!" అని అరిచాడు. పిల్లలు లేచి దారిచ్చారు. మధ్యాహ్నానికి గది ఖాళీ అయింది. చీపుర్లు పట్టుకుని పిల్లలే ఊడ్చారు.

దేవేంద్రప్ప అన్నంత పనీ చేశాడు. నెల తిరక్కుండానే స్వర్ణలతను ఓర్వకల్లు దాటాక ఉన్న ఒక పల్లె బడికి డెప్యుటేషన్ మీద పంపారు. ఆమె స్థానంలో ఎవరినీ వేయలేదు. ఏసన్న మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డ మూటలు మోస్తున్నాడని విని ఆమె వాళ్లింటికి వెళ్లింది.

"నా వల్ల నీ పని పోయిందప్పా."

"మీరేమన్నా నన్ను పొమ్మన్నారా మేడం? నేనే వస్తి," అన్నాడతను. "అది ఇడిసిపెట్టండి. పాపకు పరీక్షలుండాయి. సోషల్ ఎవురు చెప్తారు? ముందు అది చెప్పండి."

ఆమె అక్కణ్నుంచి నేరుగా శ్రీనివాసులు దగ్గరికి వెళ్లి, బడి వదిలాక రోజూ వచ్చి పాఠం చెబుతానంది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"రాండమ్మా," అన్నాడు. "ఎవురన్నా అడిగితే నేనే రమ్మన్నానని చెప్తా. రిటైరయ్యేటోన్ని, నన్నేం చేస్తారు?"

మరుసటి సాయంత్రం స్వర్ణలత పల్లె నుంచి బస్సులో వచ్చి, దిగి, ముఖం మీది దుమ్ము కొంగుతో తుడుచుకుంటూ బడి గేటు దగ్గరికి నడిచింది. ఎదురుగా టీకొట్టు ముందు దేవేంద్రప్ప మనుషులు నిలబడి ఉన్నారు.

"ఏం మేడం, పంపించేస్తిమి కదా, మళ్లా యాడికి?"

"పదో తరగతికి," అని ఆమె వాళ్ల ముందునుంచే లోపలికి వెళ్లింది.