చెంచాడు నిశ్శబ్దం

పోటీ రోజు పొద్దున్నే కొలతలక్క మీటరు తుడిచి పెట్టుకుంది, కొలబద్ద సంచిలో వేసుకుంది, నిశ్శబ్దం డబ్బా మూత రెండుసార్లు బిగించి చూసుకుంది.

ఎవరి కారులో పాట అందరికంటే గట్టిగా మోగితే వాళ్ళకి కప్పు. మోత కొలిచే పని ఒకప్పుడు ఆమె తండ్రిది, ఆయన పోయాక ఆమెది. అదేమన్నా ఆషామాషీ పనా? మైకుని ముందు అద్దానికి, అంచు నుంచి సరిగ్గా జానెడు దూరంలో అంటించాలి. తలుపులు బిగించాలి. బండి మీద ఎవరూ చెయ్యి ఆనించకూడదు. వీటన్నిటికంటే ముందు ఇంకో పని ఉంది. దారి పొడుగునా మోగించుకుంటూ వచ్చిన పాత మోత బండిలో ఇంకా ముసురుకునే ఉంటుంది. చెంచాడు నిశ్శబ్దం పోసి దాన్ని అణచాలి. అందరూ సున్నా నుంచే మొదలవ్వాలిగా మరి!

ఆ నిశ్శబ్దాన్ని ఆమె ఏడాది పొడుగునా తెల్లవారకముందే వంటింటి కిటికీ దగ్గర పట్టి దాచేది. చెంచా వంచితే ఏదీ పడినట్టే ఉండదు. చెవులు మాత్రం చల్లబడతాయి.

మూడేళ్ళుగా కప్పు ఆమె తమ్ముడిదే. మూడేళ్ళుగా వాడి చెవుల్లో హోరు కూడా. ఇంకా పెద్ద స్పీకర్లు పెడితే ఉన్న వినికిడి కూడా పోతుందని డాక్టరు మొత్తుకున్నాడు. "మోత పెడితేనే అక్కా, ఈ హోరు తెలీకుండా ఉంటుంది" అంటాడు వాడు. వాడి భార్యది పుట్టుకతోనే మెత్తని గొంతు. అరిచి అరిచి విసిగిపోయి వంటింట్లో ఒక పలక వేలాడదీసింది. 'ఉప్పు తే', 'గ్యాసు కట్టెయ్' అంటూ కాపురమంతా సుద్దముక్క మీదే నడుస్తోంది.

సాయంత్రానికి లారీలకి రంగులేసే పెద్దాయన బండి మోత మీటరు మీద నూట యాభై దాటింది. ఇక మిగిలింది తమ్ముడి బండి ఒక్కటే. కొలతలక్క చెంచా ముంచి, అలవాటుగా బొటనవేలితో పైన గీసి, ఎక్కువైంది డబ్బాలోకే రాల్చింది.

"అమ్మా, ఒక్క మాట" అన్నాడు పెద్దాయన. "మీ తమ్ముడి చెంచా దగ్గరికొచ్చేసరికి నీ వేలు కాస్త లోతుగా దిగుతుంది. మూడేళ్ళుగా చూస్తున్నా."

"తమ్ముడని ఎక్కువ పోశానని ఎవరూ అనకూడదు కదండీ. అందుకే రవ్వంత తగ్గిస్తాను."

"తగ్గిస్తే పాత మోత బండిలో మిగలదూ? అది కూడా వాడి మోతలోనే కలుస్తుంది కదమ్మా."

కొలతలక్కకి తల తీసేసినట్టయింది. పక్షపాతం వద్దు వద్దనుకుంటూనే మూడు కప్పులు తమ్ముడి చేతిలో పెట్టింది! డబ్బాలోకి తొంగిచూసింది. బళ్ళు ఎన్నో చెంచాలు అన్నే కొలిచి తెచ్చినా, అడుగున ఇంకా చాలా ఉంది. అదంతా ఏటేటా వాడికి తగ్గించినదే.

"ఇది వాడిది" అంది. చెంచా పక్కన పెట్టి, డబ్బా మొత్తం బండిలో బోర్లించింది.

తమ్ముడు లోపల కూర్చుని తలుపు వేసుకున్నాడు. పాట మోగించడానికి ఇచ్చే ముప్పై సెకన్లు మొదలయ్యాయి. వాడు మీట మీద వేలు పెట్టి, అలాగే ఉండిపోయాడు.

హోరు ఆగిపోయింది.

తన ఊపిరి తనకే వినపడింది. చేతి గడియారం టిక్కుటిక్కుమంది. నిశ్శబ్దం అద్దాల సందుల్లోంచి మెల్లగా మైదానంలోకి పాకింది. వందమంది జనం, గుక్కపట్టి ఏడుస్తున్న చంటిపిల్లతో సహా, నోళ్ళు తెరుచుకుని ఉండిపోయారు. ఇన్నేళ్ళుగా తను చెంచాలతో పంచింది ఇంత పెద్దదని కొలతలక్కకే తెలీదు.

ఆ చివర తాడు దగ్గర నిలబడ్డ మరదలు, ఎవరికీ వినపడదన్న ధీమాతో, తనలో తను గొణుక్కుంది. "ఈసారీ గెలిస్తే ఇంకా పెద్దవి పెడతాడు. ఇక నా గొంతు ఎలా ఉంటుందో కూడా మర్చిపోతాడు."

మూసిన తలుపుల వెనక తమ్ముడు తల తిప్పి ఆమె వైపు చూశాడు. మీట మీద నుంచి వేలు తీసేశాడు.

ముప్పై సెకన్లు అయిపోయాయి. కొలతలక్క మీటరు చూసి, కాగితం మీద తమ్ముడి పేరు పక్కన సున్నా వేసింది. కప్పు పెద్దాయనకి వెళ్ళింది.

తమ్ముడు బండి దిగి నేరుగా భార్య దగ్గరికి నడిచాడు. ఆమె కంగారుగా సంచిలో సుద్దముక్క కోసం వెతికింది. వాడు ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"రాయకు" అన్నాడు. "ఇందాకటిలాగే, మెల్లగా చెప్పు."