పడవని ఒడ్డెక్కించిన అల్లుడు

గురజాల అవతల కృష్ణ ఒడ్డున రాళ్లరేవని ఒకటుంది. పేరుకి రేవే గానీ గుప్పెడు ఇసుక దొరకదక్కడ. ఎటు చూసినా పలకలు పలకలుగా విరిగిన నాపరాయి, అంచులన్నీ కత్తిపీటలే. ఆ ఒడ్డు మీదికే ఏడాదికి రెండుసార్లు పేతురు తన పడవని లాగాలి. ఎండల్లో ఒకసారి, అడుగుకి తారు పూయడానికి. సాగర్ గేట్లెత్తే ముందు ఇంకోసారి, వరదకి అందకుండా గట్టెక్కించడానికి. చెక్కపడవ అది. రాతిమొన లోతుగా దిగిందంటే ఇంక పొయ్యిలోకి చీల్చుకోవడమే.

అందుకని పేతురుకో పద్ధతుంది. పడవ వచ్చే దారంతా ముందుగా ఉత్తకాళ్లతో తొక్కుతాడు. అరికాలు ఎక్కడ చురుక్కుమంటే అక్కడ ఆగుతాడు. ఊడే రాయైతే పీకేస్తాడు, ఊడనిదాని మీద వరిగడ్డి మందంగా పరిపించి పైన తడి తాటిమట్టలు వేయిస్తాడు. మోకు పట్టినవాళ్లకి లాగమనీ ఆపమనీ కేక వేసేది కూడా దారి తొక్కినవాడే. ఇంకెవడన్నా నోరు తెరిస్తే పేతురు తిట్టే తిట్లకి ఆవలి ఒడ్డున నల్గొండవాళ్లు కూడా చెవులు మూసుకోవాల్సిందే.

అల్లుడు ఇన్నయ్య ఆ ఇంటికి ఇల్లరికం వచ్చినవాడు. అంతకుముందు నాపరాళ్ల క్వారీలో పని. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, పని చెబితే కాదనడు, నోట్లో వేలు పెట్టినా కొరకడు. వాడికి ఉన్నదల్లా ఒకటే ఆశ. మామ తర్వాత ఈ పడవకి కేక తను వేయాలి. "రాళ్లు కొట్టేవాడికి పడవ సంగతేం తెలుసురా" అని రేవులో కూర్చున్న ప్రతివాడూ ఎకసెక్కాలాడేవాడే. పైకి నవ్వేసినా లోపల ఉడికిపోయేవాడు పాపం.

ఆ ఎండాకాలం పేతురుకి మోకాలు వాచి అడుగు తీసి అడుగు వేయలేకపోయాడు. ఒడ్డున నులకమంచం వేయించుకుని కూర్చుని, "అల్లుడూ, ఈసారి దారి నువ్వు తొక్కు" అన్నాడు. ఇన్నయ్య ఆనందం చూడాలి! చెప్పులు విడిచి, నీళ్ల అంచు నుంచి గట్టు దాకా ఒక్క అంగుళం వదలకుండా తొక్కాడు. అక్కడక్కడా గడ్డి పరిపించాడు. "నున్నగా ఉంది మామా, ఏం భయంలేదు" అని కేకేశాడు. పడవ సగం దూరం వచ్చింది. అడుగు నుంచి కర్రుమని ఒక చప్పుడు. ఇన్నయ్య లాగడం ఆపించాడు.

పడవని పక్కకి ఒరగదీసి చూస్తే అడుగుచెక్క మూరెడు పొడుగున గీరుకుపోయి ఉంది. అదృష్టం బాగుండి అవతలికి చీలలేదు. వడ్రంగి బ్రహ్మానందం వచ్చి అతుకు వేసి పోయాడు. పేతురు తిట్టినా బాగుండేది, తిట్టలేదు. అదే ఇన్నయ్యని తినేసింది.

"చూసే తొక్కానే. ఎక్కడా గుచ్చుకోలేదు" అన్నాడు పెళ్లాంతో, అన్నం ముందు కూర్చుని.

కృపామణికి ఏం తోచిందో, "ఏదీ, కాలిట్టా పెట్టు" అని తుమ్మముల్లు ఒకటి తెచ్చి మొగుడి అరికాల్లో గుచ్చింది. ఇన్నయ్య అన్నం కలుపుకుంటూనే ఉన్నాడు.

"ఓరి దేవుడో! ఇవి కాళ్లా, పలుగురాళ్లా? ముల్లు దిగినా తెలియని కాళ్లేసుకుని దారి తొక్కావా నువ్వు?"

అప్పుడు వెలిగింది వాడికి. చిన్నప్పటి నుంచీ రాతిపెళ్లల మీద తిరిగిన కాళ్లు. కాయలు కాసి కాసి గిట్టలైపోయినాయి. ఆ రోజు నుంచి చూడాలి వాడి అవస్థ. వేన్నీళ్లలో కాళ్లు నానబెట్టడం, ఇటుకరాయితో అరగదీయడం. "పెళ్లికూతురు ముస్తాబవుతోందిరోయ్" అని రేవులో ఒకటే నవ్వులు. చర్మం పైపైన రాలుతోంది గానీ అడుగున ఉన్నది మళ్లీ రాయే.

వానలు పడ్డాయి. ఎగువన ఏరు పొంగిందనీ, గేట్లు ఎత్తబోతున్నారనీ కబురొచ్చింది. పేతురు మోకాలు ఇంకా అట్టాగే ఉంది. అల్లుడి మొహం చూడకుండా భార్య ఆరోగ్యమ్మతో అన్నాడు, "పై రేవు చిన్నకోటయ్యకి కబురంపానే. పొద్దెక్కేసరికి వచ్చి దారి తొక్కుతాడు. కేక కూడా అతనే ఏస్తాడు."

ఇన్నయ్యకి తలకొట్టేసినట్టయింది. ఇంట్లో ఇంతింత కాళ్లేసుకుని తనుండగా పక్క రేవోడు రావాలా! వాడి మీద కోపం లేదు, మామ మీదా లేదు, తన కాళ్ల మీదే కోపం.

తెల్లారగట్ల బిందె తీసుకుని ఏటికొచ్చిన ఆరోగ్యమ్మ కెవ్వుమంది. నీళ్ల అంచున అల్లుడు చొక్కా లేకుండా బోర్లా పడి ఉన్నాడు. "ఓయమ్మో, అల్లుడికేమో అయింది!" అని అరుచుకుంటూ ఇంటికి పరిగెత్తింది. కర్ర పోటేసుకుంటూ పేతురు వచ్చేసరికి ఇన్నయ్య ఇంకొంచెం పైకి పాకి ఉన్నాడు. చేతులు చాపి, పొట్ట రాళ్లకి ఆనించి, జరజరా జరుగుతున్నాడు. జరిగి, ఆగి, "అబ్బా" అని పొట్టకింద చెయ్యిపెట్టి మొనదేలిన రాయిని ఊడబెరికి పక్కకి విసిరేశాడు. ఊడనిచోట గుప్పెడు గడ్డి గుర్తు పెట్టాడు.

"ఏందిరా ఇది, బల్లిలాగా!" అన్నాడు పేతురు.

ఇన్నయ్య తల ఎత్తలేదు. "నా కాళ్లకి తెలియదు మామా. పొట్టకి తెలుస్తోంది" అన్నాడు.

పేతురు అక్కడే ఒక రాయి మీద కూలబడ్డాడు. గట్టు దాకా అల్లుడు పాకినంతసేపూ చూస్తానే ఉన్నాడు.

పొద్దెక్కింది. మనుషులొచ్చారు, మోకు కట్టారు. గుర్తు పెట్టినచోటల్లా గడ్డి, మట్టలు పరిచారు. చిన్నకోటయ్య పంచె ఎగగట్టి, చెప్పులు విడవబోయాడు.

"నువ్వుండు కోటయ్యా. మోకు పట్టు" అన్నాడు పేతురు. "దారి తొక్కడం అయిపోయింది. అల్లుడూ, కేకెయ్యి."

ఇన్నయ్యకి కళ్లలో నీళ్లొచ్చినాయి. మోకు పట్టుకున్నవాళ్లు, "ఏందయ్యా, సాయంత్రం దాకా నిలబడాలా?" అని కసిరారు. అప్పుడేశాడు కేక. బొంగురుగానే వేశాడు. పడవ కదిలింది. గడ్డి మీద, మట్టల మీద, ఎక్కడా గీరిన చప్పుడు లేకుండా జారి జారి గట్టెక్కి కూర్చుంది.

మనుషులు చెమటలు తుడుచుకుంటుంటే పేతురు కర్ర పక్కన పెట్టి, వాచిన మోకాలు నేలకి ఆనించి వంగాడు. ముందు నుంచి వెనక దాకా పడవ అడుగంతా అరచేత్తో తడిమాడు. లేచి ఇన్నయ్య పొట్ట వంక చూశాడు. గీతలు గీతలుగా ఎర్రబడి, రెండు మూడు చోట్ల రక్తం పేరుకుని ఉంది.

"ఏమే" అన్నాడు పెళ్లాంతో, "పడవకేం కాలేదు. అమ్మాయిని పిలిచి, అల్లుడికి కాస్త వెన్న రాయమని చెప్పు."